పిన్ని పాటలూ నా టూల్ సర్వరూ

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు చర్చి కోయిర్‌ను నడిపేది మా పిన్ని. అమ్మకు సొంత చెల్లెలు. వృత్తి నర్సు. రేవుకు దగ్గర్లో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా చేస్తోంది. వార్డులో ఏ గొంతుతో మందు మింగిస్తుందో అదే గొంతుతో మా చేత పాటలు పాడిస్తుంది కాబట్టి ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చే ధైర్యం ఎవరికీ లేదు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు తీరం నుంచి ఓడరేవు పనికి వచ్చిన కుటుంబాలు మావి. నా తరం వాళ్లందరం ఇక్కడే పుట్టాం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ. కోయిర్‌లో కుర్రకారుకి తెలుగు పాడడం వచ్చు, చదవడం రాదు. పిన్ని ఒక్కో చరణం చదువుతుంటే ఒకరు బెంగాలీ అక్షరాల్లో, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. నాకు తెలుగు చదవడం వచ్చిందంటే అది సండే స్కూల్లో పిన్ని పట్టుబట్టి నేర్పిన చదువే.

నేను భవానీపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. కంపెనీల డేటాబేసులకు ఏఐ ఏజెంట్లను కలపడం మా పని. ఏజెంటు అంటే, మామూలు భాషలో మనం ఒక పని చెబితే దాన్ని అడుగులుగా విడగొట్టుకుని చేసుకుపోయే ప్రోగ్రాం. అది ఎంత తెలివైనదైనా ఫలానా గోదాములో ఇవాళ ఏ సరుకు ఉందో దానికి తెలియదు. ఆ సంగతి గోదాము డేటాబేసుకు తెలుసు. అలాగని ఏజెంటును తిన్నగా డేటాబేసులోకి వదిలితే లోపల ఏం కెలుకుతుందో చెప్పలేం. అందుకని రెంటికీ మధ్య టూల్ సర్వర్ అని ఒకటి పెడతాం. "నువ్వు అడగగలిగిన పనులు ఇవి, ఒక్కోటి ఇలా అడగాలి, జవాబు ఇలా వస్తుంది" అని అది ఏజెంటుకు చెబుతుంది. ఏజెంటు అడుగుతుంది, సర్వర్ లోపలికి వెళ్లి తెచ్చి ఇస్తుంది. అంతకుమించి ఏజెంటుకు లోపల పని లేదు.

కోయిర్ పాటలన్నీ చాలాకాలం కిందటే పిన్ని చదువుతూ, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగయ్యే కీబోర్డులో కోయిర్ పిల్లల చేత టైపు చేయించింది. వాటిని నేనొక డేటాబేసులో పెట్టాను. పాట, దాని వరస, ఎవరి దగ్గర నేర్చుకున్నాం, ఏ సందర్భానికి పాడతాం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అయితే అది ఉన్నది నా లాప్‌టాప్‌లో. పిన్నికి ఏ పాట కావాలన్నా నాకు ఫోను చేయాలి. నేను ఆఫీసు బస్సులో నిలబడి ఉన్నా సరే, "ఒలే, వానకి పాడే పాట ఒకటి పంపు, తక్కువ శ్రుతిది" అనేది. చెప్పాలంటే అప్పటిదాకా పిన్నికీ పాటలకీ మధ్య టూల్ సర్వర్‌ని నేనే.

ఒక వానాకాలపు ఆదివారం, ఆరాధన అయ్యాక, గార్డెన్ రీచ్ నుంచి వచ్చే ఒక అమ్మాయి పిన్ని దగ్గరికి వచ్చింది. ఆమెకు వచ్చే చలికాలంలో పెళ్లి. పెళ్లికొడుకు బెంగాలీ క్రైస్తవ కుటుంబంవాడు.

"ఆంటీ, మా మామ్మకి ఒక పాట గావాలంట. తన బియేకి పాడినారంట, నా బియేకి కూడా అదే పాడాలంటాది," అంది. పెళ్లిని బెంగాలీలో బియే అంటారు. మా పిల్లలకు పెళ్లి అన్న మాటకంటే ఆ మాటే ముందు నోటికొస్తుంది.

"ఏ పాట?" అంది పిన్ని.

"అదే తెల్దు. తెడ్డు అని వస్తాదంట, ఒడ్డు అని వస్తాదంట. మిగతాది మామ్మ మర్చిపోయింది. రోజూ పొద్దున కూర్చుని గుర్తు చేసుకుంటాది, రాదు. ఆ రోజంతా ఎవరితోనూ మాటాడదు."

చివరి మాట విన్నాక పిన్ని సరేనంది. పెళ్లి చేసుకోబోయే పిల్లకంటే, ఆ మాటాడని ముసలమ్మ మీద ఆమెకు జాలి కలిగింది.

ఆ నెలంతా నేను ఒక గోదాము కంపెనీ పనిలో తలమునకలుగా ఉన్నాను. కోయిర్ ప్రాక్టీసుకు వెళ్లడం కుదరలేదు. పిన్ని నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకనుకుని, ఆసుపత్రిలో చిన్న నర్సులెవరో తన ఫోనులో పెట్టి ఇచ్చిన ఏఐ యాప్‌ను అడిగింది. తెడ్డు, ఒడ్డు అనే మాటలు వచ్చే పాత తెలుగు క్రైస్తవ పెళ్లి పాట కావాలంది. యాప్ క్షణంలో పాట ఇచ్చింది. పల్లవి, చరణాలు, రాగం, రాసిన భక్తుడి పేరు, ఏ సంకలనంలో ఉందో కూడా చెప్పింది. పిన్ని ఆనందపడిపోయి వరస కట్టి అందరికీ నేర్పేసింది. షిప్‌యార్డులో వెల్డింగ్ పని చేస్తూ కోయిర్‌లో బేస్, అంటే మంద్రస్వరం, పాడే ఒక అన్నయ్యకు ఆ పాట ఎంత నచ్చిందంటే, పనిలో కూడా అదే పాడుతున్నాడని వాళ్లావిడ చెప్పింది.

నాకు తీరిక దొరికి మళ్లీ ప్రాక్టీసుకు వెళ్లిన ఆదివారమే మామ్మను కూడా తీసుకొచ్చారు. మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. సన్నగా, ఎండిన చేపలా ఉంది మామ్మ. చెవి కొంచెం మందం. కోయిర్ నిలబడి పాట మొత్తం పాడింది. నిజంగా చక్కగా పాడారు. మామ్మ కళ్లు మూసుకుని విన్నది. పాట అయిపోయాక కూడా కాసేపు కళ్లు తెరవలేదు. ఏడుస్తోందేమో అనుకుని పిన్ని దగ్గరికి వెళ్లి వంగింది.

"బాగున్నాదమ్మా," అంది మామ్మ. "ఎవులిదీ పాట?"

"నీదే కదేటి మామ్మా. నీ పెళ్లి పాట."

"నాది కాదు. ఇదెవులో బాగా సదూకున్నోల్ల పాట. మాకింత పెద్ద మాటలెక్కడివి?"

కోయిర్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్ని తల తిప్పి చూడగానే ఆగిపోయారు. తర్వాత పిన్ని కూడా నవ్వేసింది కానీ ముఖం ఎర్రబడింది. ఫోను తీసి నా చేతికిచ్చింది. నేను యాప్‌ను ఆ సంకలనం గురించి మళ్లీ అడిగాను. ఈసారి అది ఇంకో సంకలనం పేరు చెప్పింది. పాట రాసిన భక్తుడు కూడా మారిపోయాడు.

"మొదట చెప్పిన పుస్తకం కోసం నేను ఎంత వెతికినానో తెలుసా," అంది పిన్ని. "అచ్చు ఆగిపోయిందేమో అనుకున్నాను. ఇదంతా అదే కట్టి చెప్పిందేటి?"

"అవును పిన్నీ. దానికి మన పాటలు తెలీవు. అడిగావు కాబట్టి అలాంటిది ఒకటి అల్లి ఇచ్చింది."

"తెలీకపోతే తెలీదని చెప్పొచ్చు కదా. ఆసుపత్రిలో ఇలగ చెప్తే మనిషి ప్రాణం పోతాది." ఫోను వెనక్కి తీసుకుని, "మన పాటలు నీ దగ్గరున్నాయి కదా, వాటిని దానికి చూపించలేవా?" అంది.

చూపించవచ్చు. అప్పటికి గోదాము కంపెనీకి నేను చేస్తున్న పని సరిగ్గా అదే. ఇంట్లో వాళ్ల అవసరానికి దాన్ని వాడొచ్చన్న ఆలోచన మాత్రం అంతవరకూ నాకు రాలేదు.

మర్నాడు ఆఫీసులో దాదాకు చెప్పాను. దాదా అంటే మా ఆఫీసు యజమాని. బెంగాలీలో అన్నయ్య అన్నట్టు అందరం అలాగే పిలుస్తాం. మట్టి ముంతలో టీ తాగుతూ అంతా విని, "చెయ్యి, చెయ్యి. క్లయింటు దగ్గర బయటపడాల్సిన తప్పులన్నీ ముందు మీ పాటల మీద బయటపడనీ," అన్నాడు బెంగాలీలో. ఆఫీసు సర్వర్లో ఒక మూల వాడుకోనిచ్చాడు.

దాదా కోరుకున్నట్టే తప్పులు వరసగా బయటపడ్డాయి. మొదట నేను బద్ధకించి, డేటాబేసును ఏ ప్రశ్నయినా అడగగలిగే ఒకే ఒక్క టూల్ ఇచ్చాను. చదవడం తప్ప ఏదీ మార్చలేని అనుమతి ఇచ్చాను కాబట్టి పాటలకు ప్రమాదం లేదులే అనుకున్నాను. ఏజెంటు ఏం చేసిందంటే, ఒక క్రిస్మస్ పాట అడిగితే ఉన్న పాటలన్నీ చరణాలతో సహా తెప్పించుకుంది. అంత సరుకు ఒక్కసారి మీద పడేసరికి ముందున్న కొన్ని మాత్రం చూసి, మిగతావి చూసినట్టే జవాబు చెప్పింది. ఆ టూల్ తీసేసి, చిన్న చిన్నవి మూడు పెట్టాను. మాటను బట్టి వెతకడం ఒకటి, వరసను బట్టి వెతకడం ఒకటి, దొరికిన పాటను పూర్తిగా తేవడం ఒకటి. దొరకకపోతే "మా పాటల్లో లేదు" అని చెప్పాలనీ, సొంతంగా ఏ పాటా కట్టకూడదనీ ఏజెంటుకు గట్టిగా రాసి పెట్టాను.

శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లాను. పోర్టు క్వార్టర్సులో కింది అంతస్తు. పిన్ని చేపలు వేయిస్తోంది. పొయ్యి దగ్గర నుంచే అంది, "మన పాటలన్నిటికీ తాళం దానికిచ్చీసినావేటి?"

"లేదు పిన్నీ. మీ ఆసుపత్రిలో మందుల గదికి కౌంటరు ఉంటుంది కదా. రోగి బంధువులు లోపలికి రారు. చీటీ ఇస్తారు, లోపలున్న మనిషి మందు తెచ్చిస్తాడు. ఇదీ అలాంటిదే."

"లోపల మనిషి ఎవరు?"

"నేను రాసిన ప్రోగ్రాం."

"మందు లేకపోతే లేదంటాదా, ఇంకో మందు చేతిలో పెడతాదా?"

"లేదంటుంది."

"అయితే చూద్దాం," అని పొయ్యి తగ్గించి వచ్చి కూర్చుంది. ఫోనులో మాట్లాడి అడిగేలా అమర్చాను. పిన్ని గొంతు సవరించుకుని, వర్షం కోసం ప్రార్థన చేసే పాట కావాలని అడిగింది. యంత్రంతో మాట్లాడేటప్పుడు పిన్ని తెలుగు మారిపోతుంది. పాస్టరుగారు ప్రసంగంలో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

మా పాటల్లో అలాంటిది లేదని జవాబొచ్చింది.

"ఉన్నాదే," అంది పిన్ని. "నేనే కూర్చుని టైపు చేయించినాను."

ఏజెంటు సర్వర్‌ను ఏమేం అడిగిందో అంతా ఒకచోట నమోదవుతూ ఉంటుంది. తెరిచి చూశాను. అది "వర్షము" అన్న మాట కోసం వెతికింది. పాటలో ఉన్నది "వాన". ఇంకో పాట అడిగి చూశాం. అదీ దొరకలేదు. అక్కడ ఇంకా చిన్న చిక్కు. ఏజెంటు "యేసు" అని వెతికింది, మా పిల్లలు "ఏసు" అని కొట్టారు. కొన్నిచోట్ల "యేసూ", కొన్నిచోట్ల "ఏసయ్య". మనిషి కంటికి అన్నీ ఒకటే. డేటాబేసుకు ఒక్కో అక్షరం తేడా ఒక్కో వేరే మనిషి.

"ఆ పిల్లలు టైపు చేసినప్పుడే చెప్పినాను, సరిగ్గా చూసుకోండని," అంది పిన్ని.

"వాళ్లకు చదవడం రాదు కదా పిన్నీ. ఎలా కొట్టారో ఏమిటో, అంతవరకూ కొట్టడమే గొప్ప."

అది నిజమేనని ఒప్పుకుంది. ఆ శనివారం, తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. రకరకాలుగా రాసిన మాటలన్నీ వెతికేటప్పుడు ఒక్కటిగా కనబడేలా నేను సర్వర్‌లో మార్చాను. ఏ టూల్ దేనికి పనికొస్తుందో ఏజెంటు చదువుకునే వివరణ ఒకటి ఉంటుంది. దాన్ని నేను ఆఫీసు అలవాటుకొద్దీ ఇంగ్లీషులో రెండు ముక్కల్లో రాశాను. పిన్నికి చదివి వినిపిస్తే పెదవి విరిచింది. ఇద్దరం కలిసి తెలుగులో మళ్లీ రాశాం. ఈ పాటలు తీరం వాళ్లవి, వాడుక మాటల్లో ఉంటాయి, పెద్ద మాటతో దొరక్కపోతే చిన్న మాటతో వెతుకు, వర్షానికి వాన, జల్లు అని కూడా చూడు, నావకు పడవ అని చూడు, అంటూ. ఒక్కో మాటకు ఇంకో మాట గుర్తు రావడం, పిన్ని దాని కోసం పాట ఎత్తుకోవడం, పాట అయ్యేదాకా నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చోవడం. ఆఫీసులో ఎవరూ ఒక టూల్ వివరణ రాయడానికి ఇంతసేపు తీసుకోరు. ఇంత సరదా పడరు కూడా.

ఈసారి వాన పాట వెంటనే వచ్చింది. దాని వరస, అది నేర్పిన ముసలాయన సంగతి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. పిన్ని ఇక ఆగలేక మామ్మ పాట అడిగింది.

జవాబు కొంచెం ఆలస్యంగా వచ్చింది. తెడ్డు అనే మాట ఉన్న పాట మా పాటల్లో లేదు. పడవ ఉన్న పాటలు మూడున్నాయి. వాటిలో ఒకదానికి వరస దగ్గర "పడవ తోసేవాళ్ల పాట వరస" అని రాసి ఉంది, కావాలంటే పూర్తిగా చూపిస్తాను, అంది.

నాకు నిరాశగా అనిపించింది. పిన్ని ముఖం మాత్రం వెలిగిపోయింది.

"విన్నావా? లేదంది," అంది నా భుజం తట్టి. "ఇప్పుడు నమ్మొచ్చు దీన్ని." తర్వాత ఆ వరస గురించి ఆలోచనలో పడింది. "పడవ తోసేవాళ్ల పాట వరస. అది మా అమ్మ పాడేది. గార్డెన్ రీచ్ వెళ్దాం, తయారవు."

అప్పటికప్పుడు బస్సెక్కి, దిగాక ఆటో పట్టుకుని వెళ్లాం. మామ్మ వాళ్లిల్లు షిప్‌యార్డు గోడకు దగ్గర్లో ఒక ఇరుకు సందులో ఉంది. మనవరాలు మూడి, అంటే మరమరాలు, తెచ్చి ఉల్లిపాయ, ఆవనూనె కలుపుతోంది. మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. పిన్ని ఆమె చెవికి దగ్గరగా జరిగి, అర్థం చెప్పకుండా, పేరు చెప్పకుండా, ఆ పాట మొదటి వరుస అందుకుంది.

మామ్మ వింది. మళ్లీ పాడమని చేత్తో సైగ చేసింది. రెండోసారి పాడుతుంటే ఆమె కుడిచెయ్యి మోకాలి మీద కదలడం మొదలుపెట్టింది. ముందుకూ వెనక్కూ, ఏదో లాగుతున్నట్టు.

"వరస ఇదే," అంది. "మాటలియ్యి కావు. ఆగు."

మనవరాలు మూడి గిన్నె కింద పెట్టేసి ఫోనులో రికార్డింగు నొక్కింది. మామ్మ సన్నటి గొంతుతో మొదలుపెట్టింది.

"తెడ్డు ఒగ్గీకు తండ్రీ, ఒడ్డు దూరము నేదు..."

ఒక్కసారి ఆ వరుస వచ్చాక మిగతాదంతా దాని వెనకాలే వచ్చేసింది. మధ్యలో ఒక చరణం దగ్గర ఆగి, పిన్నిని వరస పట్టి ఉండమంది. పిన్ని ఆ వరసే కూనిరాగం తీస్తూ ఉంది. మాట దొరకగానే మామ్మ మళ్లీ అందుకుంది. పాట అయ్యాక మనవరాలు వెళ్లి ఆమెను కావలించుకుంటే, "ఒగ్గవే, సెమట," అంది మామ్మ నవ్వుతూ.

తర్వాత ఆ పాట సంగతి చెప్పింది. పెళ్లయ్యాక ఏరు దాటించి అత్తవారింటికి పడవలో పంపించారట. తెడ్డు వేసింది ఆమె మేనమామ. ఒడ్డున నిలబడిన ఆడవాళ్లు, పడవ కనిపించినంతసేపూ పాడుతూనే ఉన్నారట. "నాను ఏడుత్తన్నాను, ఆల్లు పాడతన్నారు. పాట వినాలని ఏడుపాపీసినాను," అంది. అంతకుముందెప్పుడూ ఈ మాట ఇంట్లో చెప్పలేదని మనవరాలు ఆశ్చర్యపోయింది. ఎవరూ అడగలేదు కదా అంది మామ్మ.

ఇంటికి వస్తూ బస్సులో పిన్ని, "ఈ పాటని మన పాటల్లో పెట్టమని దానికి చెప్తాను," అంది. అలా పెట్టించడానికి టూల్ లేదన్నాను. చదవడానికే తప్ప రాయడానికి అనుమతి ఇవ్వలేదని చెప్పాను.

"అయితే ఇయ్యి."

"అది తప్పు రాస్తే?"

"రాసింది నాకు చూపించాల. నేను సరే అంటేనే లోపల పెట్టాల. డాక్టరు సంతకం లేకుండా మేం ఇంజెక్షను ఇస్తామేటి?"

ఆమె చెప్పినట్టే నాలుగో టూల్ చేశాను. ఏజెంటు కొత్త పాటను ఒక పక్కన పెడుతుంది. పిన్ని ఫోనులో కనిపిస్తుంది. ఆమె సరే అని నొక్కితేనే డేటాబేసులోకి వెళుతుంది. అలా చేయడం ఎంత మంచిదయిందో మొదటిరోజే తెలిసింది. రికార్డింగు విని ఏజెంటు రాసిన పాటలో మామ్మ మాటలు లేవు. "తెడ్డు విడువకు తండ్రీ, ఒడ్డు దూరము లేదు" అని శుభ్రంగా, పాఠ్యపుస్తకంలో పద్యంలా రాసి పెట్టింది.

పిన్ని ఫోనుతోనే పోట్లాటకు దిగింది. ఈసారి పాస్టరుగారి తెలుగు కాదు, తన తెలుగే.

"ఒగ్గీకు అంది ఆవిడ. ఒగ్గీకు అనే రాయి. నిన్నెవరు దిద్దమన్నారు? రోగి కడుపులో మంట అంటే మంట అనే రాస్తాం, ఇంకోటి రాయం."

ఏజెంటు మర్యాదగా క్షమాపణ చెప్పి "ఒగ్గీకు" అని మార్చింది. "నేదు"ను మాత్రం "లేదు"గానే ఉంచింది. పిన్ని మళ్లీ తిట్టింది. ఇలా ఒక్కో మాటకూ తిట్టుకుంటూ పోతే పెళ్లి అయిపోతుందని నేను మధ్యలో కల్పించుకున్నాను. టూల్ వివరణలోనే "పాడిన మాట పాడినట్టే రాయాలి, వాడుక మాటలను దిద్దకూడదు" అని చేర్చాను. ఆ తర్వాత చక్కగా రాసింది. పిన్ని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకుని, సరే అని నొక్కింది. నేర్చుకున్నది ఎవరి దగ్గర అన్నచోట మామ్మ పేరు పెట్టింది.

ఆఫీసులో దాదాకు ఇదంతా చెబితే పెద్దగా నవ్వాడు. గోదాము వాళ్ల ఏజెంటుకు కూడా ఇలాగే, మనిషి సరే అంటేనే ఏదైనా మార్చేలా పెట్టమన్నాడు. అక్కడ కూలీలు సరుకుకు వాడే పేర్లను ఏజెంటు "దిద్దుతోందని" క్లయింటు అప్పటికే విసుక్కుంటున్నాడట.

చలికాలం వచ్చింది. పెళ్లి మా చర్చిలోనే జరిగింది. తెలుగువాళ్లు ఒక వైపు, బెంగాలీ వాళ్లు ఒక వైపు కూర్చున్నారు. ప్రమాణాలయ్యాక కోయిర్ లేచింది. మా పిల్లలు బెంగాలీ అక్షరాల్లో రాసుకున్న కాగితాలు చూసుకుంటూ మామ్మ పాట పాడారు. "ఒగ్గీకు" దగ్గర పిన్ని వాళ్ల చేత ఎన్నిసార్లు పలికించిందో, అది అందరికంటే బాగా పలికారు. మామ్మ ముందు బెంచీలో కూర్చుని, ఒక చరణం వాళ్లతో కలిసి, తర్వాతి చరణం వాళ్లకంటే ముందుగా పాడింది. ఆమెను అందుకోవడానికి కోయిర్ కొంచెం పరుగెత్తాల్సి వచ్చింది. పెళ్లికూతురు నవ్వుతోంది, కళ్లూ తుడుచుకుంటోంది.

యంత్రం కట్టిన పాట సంగతి కూడా తేలిపోయింది. మన పాటల్లో దాన్ని పెట్టేది లేదని పిన్ని కచ్చితంగా చెప్పేసింది. కానీ విందులో బిర్యానీ వడ్డిస్తుండగా వెల్డింగ్ అన్నయ్య ఆ పాటే ఎత్తుకున్నాడు. మిగతా బేస్ గొంతులన్నీ కలిశాయి. పిన్ని అటు కోపంగా చూస్తుంటే మామ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "పాడనియ్యమ్మా. నేర్సుకున్నారు కదా, పాపం," అంది. రెండో చరణానికి పిన్ని కూడా సన్నగా గొంతు కలిపింది. నేను చూశానని తెలిసి రైతా గిన్నె నా ముందుకు తోసింది.

ఆ విందులోనే పెళ్లికొడుకు తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కూడా వాళ్ల చర్చిలో పాడుతుందట. మామ్మ పాటకు అర్థం చెప్పమంది. నాకు చేతనయినంతలో బెంగాలీలో చెప్పాను. తెడ్డు వదలొద్దు తండ్రీ, ఒడ్డు ఎంతో దూరం లేదు. ఆమె కాసేపు ఆలోచించి, వాళ్ల అత్తగారి ఊరు నదుల మధ్య ఉంటుందనీ, అక్కడ కూడా పడవ పాటలున్నాయనీ, ఎవరూ రాసి పెట్టలేదనీ అంది. "మీ దాంట్లో మా పాటలకు కూడా చోటుంటుందా?" అని అడిగింది.

ఉంటుందన్నాను. డేటాబేసులో భాష అని కొత్తగా ఒక గడి చేర్చితే సరిపోతుంది. కానీ మామ్మ పాటకు జరిగినట్టు బెంగాలీ పల్లె మాటలను కూడా ఏజెంటు దిద్దేస్తుంది కాబట్టి, ఆ వివరణ ఆవిడే దగ్గర కూర్చుని రాయాలని చెప్పాను.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు ఆమె మెట్రో దిగి, బస్సు మారి, పిన్ని ఇంటికి వస్తోంది. వచ్చేటప్పుడు సందేశ్ మిఠాయి పొట్లం తెస్తుంది. కుదిరినప్పుడు మామ్మను కూడా మనవరాలు తీసుకొస్తుంది. మొన్న శనివారం పెళ్లికొడుకు తల్లి ఒక బెంగాలీ పాట పాడుతుంటే, మాటలు అర్థం కాకపోయినా మామ్మ మోకాలి మీద చెయ్యి కదిపింది. పిన్ని ఒకటే గొడవ, ఆ వరస మనది అంటుంది. ఆవిడ మాది అంటుంది. వరసను బట్టి వెతికే టూల్‌ను అడిగి తేల్చమని ఇద్దరూ నా మీద పడ్డారు. ఏజెంటు రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ముందుదో తన దగ్గరున్న పాటలను బట్టి చెప్పలేనంది. సరే, పాడి చూద్దామని ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. నేను టీ పెట్టడానికి లేచాను.